లెక్క కట్టేవాళ్ళు ఏం లెక్కపెడుతున్నారు?

వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు పడ్డాక పత్రికల్లో ఎప్పుడూ ఒకటే లెక్క. ముందు ఇన్ని కోట్ల డాలర్ల వ్యాపారం, తర్వాత ఇన్ని. పెరిగింది కాబట్టి మంచిదేనంట! మేం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. ఈ లెక్కని దిద్దమంటే సున్నా వేస్తాం.

ఎందుకంటారా? ట్యూషన్‌కెళ్ళే పిల్లోడికి పోయినేడు 40 వచ్చి ఈ ఏడు 60 వస్తే ఆ 20 మార్కులూ ట్యూషన్ పుణ్యమేనా? పేపరు తేలిగ్గా వచ్చుండొచ్చు. అసలు ట్యూషన్ పెట్టించగల ఇంటి పిల్లోడు ముందునుంచే బాగా చదువుతుండొచ్చు. దేశాల సంగతీ అంతే. ఎటూ వ్యాపారం చేసుకునే దేశాలే ఎక్కువగా ఒప్పందాలు రాసుకుంటాయి. అమెరికా, కెనడా, మెక్సికోల నాఫ్తా 1994 జనవరిలో మొదలైంది. ఆ డిసెంబరులోనే మెక్సికో పెసో కుప్పకూలి వాళ్ళ సరుకు బయటివాళ్ళకి చవకైంది. తర్వాత పెరిగిన ఎగుమతుల్లో నాఫ్తా వాటా ఎంత, పెసో వాటా ఎంత?

ఈ చిక్కు విప్పే పనిముట్టు ఒకటుంది. 1962లో టిన్‌బెర్గెన్ వాడాడు. రెండు దేశాల ఆర్థిక వ్యవస్థలు ఎంత పెద్దవైతే వ్యాపారం అంత ఎక్కువ, ఎంత దూరమైతే అంత తక్కువ. ఒప్పందం లేకపోయినా ఎంత జరిగేదో అలా అంచనా కట్టి, నిజంగా జరిగినదానితో పోల్చాలి. 2007లో బేయర్, బెర్గ్‌స్ట్రాండ్ అనే ఆర్థికవేత్తలు మరింత జాగ్రత్తగా లెక్కగట్టి, ఒప్పందం ఉన్న రెండు దేశాల మధ్య వ్యాపారం పదేళ్ళలో దాదాపు రెట్టింపవుతుందన్నారు. ఒప్పుకుంటాం. ఒప్పందాలు ఉత్త కాగితాలు కావు.

మరి ఆ పెరిగిన వ్యాపారం ఎక్కణ్ణుంచి వచ్చింది? జాకబ్ వైనర్ 1950లోనే అడిగాడు. కొత్తగా పుట్టిందా, లేక చవగ్గా ఇచ్చే మూడోవాడి దగ్గర్నుంచి దారి మళ్ళిందా? ఒకడికి తలుపు తీసి మిగతావాళ్ళకి గడియపెట్టడమే కదా ప్రాధాన్యమంటే!

మన దేశం, శ్రీలంక 1998 డిసెంబరులో సంతకాలు చేశాయి, 2000 మార్చి నుంచి అమలు. కొన్నాళ్ళకి లంక నుంచి వనస్పతి రావడం మొదలైంది. డాల్డా అంటాం చూడండి, అదే. ఆ పామాయిల్ లంకలో పండిందా? లేదు, బయట కొన్నదే. పామాయిల్ మీద మన దగ్గర సుంకం ఎక్కువ, అక్కడ తక్కువ. అక్కడ దింపి, వనస్పతి చేసి, సుంకం లేకుండా ఇక్కడికి తోలారు. ఆ ఫ్యాక్టరీల్లో మన పెట్టుబడిదారులవీ ఉన్నాయి మరి! రాగిదీ ఇంచుమించు ఇదే కథ. కస్టమ్స్ పుస్తకంలో మాత్రం లంక ఎగుమతులు ఎగిరి గంతేశాయి. ఇక్కడి వనస్పతి మిల్లులవాళ్ళు గోలపెడితే పరిమితి పెట్టారు. 2008లో మన సర్కారు ముడి వంటనూనెల మీద సుంకం తీసేసేసరికి ఆ వ్యాపారం చప్పబడింది. సుంకాల తేడా మీద నిలబడ్డదాన్ని దేశాభివృద్ధి అని ఎలా రాసుకున్నారో!

అదే ఒప్పందంలో తేయాకుకి ఏడాదికి 1.5 కోట్ల కిలోల దాకా సుంకం రాయితీ ఇచ్చారు. లంక తోటల్లో ఆ ఆకు కోసేది తెల్లదొరల కాలంలో తమిళ దేశం నుంచి తోలుకుపోయిన కూలీల మనవరాళ్ళు, మునిమనవరాళ్ళు. వాళ్ళలో దళితులు ఎందరో. ఎన్ని కిలోలు దాటాయో రాసే పట్టికలో వాళ్ళ రోజుకూలికి గడి ఏది? రూపాయి విలువ తగ్గితే వ్యాపారికొచ్చే లాభం కూలివాడి జీతంలోంచే వస్తుందని అంబేద్కర్ 1923లోనే రూపాయి సమస్య మీద రాసిన పుస్తకంలో వాదించాడు. నూరేళ్ళు దాటినా మన లెక్కల పెద్దలకి ఆ గడి గియ్యడం చేతకాలేదు.

2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలయ్యాయి. రొయ్యల మీద సుంకం తీసేసే మాట అందులో ఉంది. మన కోస్తాలో రొయ్యల షెడ్లలో చల్లటి నీళ్ళలో చేతులు నానబెట్టుకుని తలలు తీసే ఆడవాళ్ళు ఏ ఊళ్ళవాళ్ళో, ఏ పేటలవాళ్ళో మనకి తెలుసు. ఈనాటి వాళ్ళ కూలి, పని గంటలు రాసిపెట్టుకుంటేనే అయిదేళ్ళ తర్వాత పోల్చడానికి ఏదన్నా మిగులుతుంది. వాణిజ్య శాఖ ఆ పని చెయ్యకపోతే మన సంఘాలే నోటుబుక్కులు పట్టుకుని షెడ్ల దగ్గరికి పోవాలి.