పూసలు చేసే చేతులకు గుర్తింపు ఏదీ?

ముస్లిం మహిళల ఉపాధి అనగానే ప్రభుత్వాలకు, స్వచ్ఛంద సంస్థలకు, చివరకు మన జమాత్‌లకు కూడా గుర్తుకు వచ్చేది ఒక్కటే: కుట్టు మిషన్. పంపిణీ సభ జరుగుతుంది, పత్రికలలో ఫొటోలు వస్తాయి, మిషన్ ఇంటికి చేరుతుంది. ఒకే వీధిలో పది మిషన్లు చేరిన తరువాత ఆ పది మందికీ సరిపడా బట్టలు ఎవరు తెస్తారన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి పట్టణాలలో రెడీమేడ్ దుకాణాలు పెరిగిన కొద్దీ ఆ ప్రశ్న మరింత బరువెక్కుతున్నది. కుట్టుపనిని మేము తక్కువ చేయడం లేదు. అది ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టింది, ఇప్పటికీ పెడుతున్నది. అయితే ముస్లిం స్త్రీ చేతికి తెలిసిన విద్య అదొక్కటే అన్నట్లు వ్యవహరించడం ఆమెను చిన్నచూపు చూడడమే.

అందుకే ఒక కొత్త విద్య గురించి ఈ మూడు జిల్లాల కుటుంబాలతో మాట్లాడదలచుకున్నాం. పాలిమర్ క్లే అనే రంగురంగుల ముద్దతో పూసలు, జుంకాలు, పతకాలు చేసి అమ్మడం నగరాలలో చాలాకాలంగా సాగుతున్నది. ‘క్లే’ అన్నా ఇది మట్టి కాదు. పీవీసీ అనే ప్లాస్టిక్ పొడిని మెత్తబరిచే ద్రవంతో కలిపి చేసిన ముద్ద. 1930లలో జర్మనీలో ఫిఫీ రెబిండర్ అనే మహిళ బొమ్మల తలలు చేయడానికి ఇటువంటి ముద్దను రూపొందించారు. 1964లో అది ఒక పెద్ద కంపెనీ చేతికి వెళ్ళి ‘ఫిమో’ పేరుతో ప్రపంచమంతటా వ్యాపించింది. దీన్ని కాల్చడానికి కుమ్మరి ఆవం అక్కరలేదు. చిన్న విద్యుత్ ఓవెన్‌లో, ప్యాకెట్టు మీద చెప్పిన వేడిలో, సాధారణంగా 110 నుంచి 135 డిగ్రీల మధ్య, కొంతసేపు ఉంచితే గట్టిపడుతుంది.

ఇందులోని పద్ధతులు మన ఆడపిల్లల చేతులకు కొత్తవి కావు. రెండు రంగుల ముద్దలను త్రికోణాలుగా కోసి, పక్కపక్కన చేర్చి, మడిచి వత్తి, మళ్ళీ మడిచి వత్తితే ఒక రంగు మెల్లగా మరో రంగులోకి కరిగిపోయినట్లు పలక తయారవుతుంది. చపాతీ వత్తే చేతికి ఇది ఎంత పని? రంగు కడ్డీలను పువ్వు ఆకారం వచ్చేలా కట్టగా పేర్చి, సన్నగా సాగదీసి, బిళ్ళలుగా కోస్తే ప్రతి బిళ్ళ మీద అదే పువ్వు కనిపిస్తుంది. వెనిస్ పక్కనున్న మురానో దీవిలో గాజు పనివారు చేసే పని కూడా ఇదే. పలుచని పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చి, అచ్చు నొక్కి, ఉబ్బిన చోట బ్లేడుతో చెక్కితే లోపలి రంగులు గీతలుగా బయటపడతాయి. ద్రవరూపంలో దొరికే క్లేతో సన్నని తీగలు, లతలు గీయవచ్చు. మెహందీ కోన్ పట్టిన చేతికి ఆ పని వేరుగా నేర్పాలా?

ప్రాణుల బొమ్మలు చేయడానికి మనసొప్పని కుటుంబాలు మనలో ఉన్నాయి. వారికీ ఇబ్బంది లేదు. లతలు, పువ్వులు, నక్షత్రాలు, కోణాల అల్లికలు ముస్లిం శిల్పులు వందల ఏళ్ళుగా మసీదు గోడల మీద, పింగాణీ పలకల మీద పండించిన సంపద. ఆ సంపదను చెవిపోగు మీదికి తేవచ్చు.

పూసతో మనకున్న బంధం కూడా పాతదే. పెళ్ళికూతురి మెడలోని నల్లపూసల లచ్ఛా దక్కన్ ముస్లింల గుర్తు. పొరుగింటి హిందూ సోదరి నల్లపూసలకు అది తోబుట్టువు. మన చేతిలో తస్బీహ్ తిరుగుతూనే ఉంటుంది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్కను కుంపటి మీద కరిగించి, కడ్డీగా సాగదీసి, వలయంగా వంచి, రాళ్ళూ అద్దాలూ పొదిగే విద్య మన కార్మికులది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. గద్వాల చీరకు ఆ గుర్తింపు అంతకుముందే ఉన్నది. ఈ రెండింటినీ కలిపి ఆలోచిస్తే మన జిల్లాలకు ఒక దారి కనిపిస్తుంది. గద్వాల చీర కొనేవారికి దాని అంచు రంగులతో, కోటకొమ్మ నమూనాతో జోడైన పూసల దండ, జుంకాలు అదే ఊరిలో, ఆ దుకాణంలోనే దొరికితే? నేతన్న చీరకు, మన ఆడపడుచు పూసకు ఒకే కొనుగోలుదారు. ఒకరి బేరం ఇంకొకరికి బలం.

ఇంతవరకు చెప్పినది ఆశ. ఇక భయం సంగతి కూడా చెప్పాలి. విద్య నేర్పి, దాని మీద హక్కు ఇవ్వకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. ముస్లిం మహిళా కార్మికులలో 73 శాతం స్వయం ఉపాధిలో ఉన్నారని, 70 శాతం తమ ఇంటి గడప లోపలే పని చేస్తున్నారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. అన్ని వర్గాల మహిళా కార్మికులను కలిపి చూస్తే ఇంట్లో పని చేసేవారు 51 శాతమే. స్వయం ఉపాధి అన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ సరుకు తెచ్చేది మధ్యవర్తి, ధర చెప్పేది మధ్యవర్తి, లోపం ఉందని కోత పెట్టేది మధ్యవర్తి అయినప్పుడు అది ఎవరి ఉపాధి? బీడీ చుట్టే తల్లి, రాళ్ళు పొదిగే కూతురు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలరు. రేపు పాలిమర్ పూసలు చేసే మనవరాలి గతి కూడా అదే అయితే సరుకు మారిందే తప్ప బతుకు మారలేదన్నమాట.

చట్టం పూర్తిగా మౌనంగా లేదు. ఇంటికి సరుకు తీసుకువెళ్ళి పని చేసి ఇచ్చేవారిని 1948 నాటి కనీస వేతనాల చట్టమే ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. ఇంటి ఆధారిత కార్మికుల ప్రస్తావన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఉన్నది. కానీ ఇంటి పనివారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను భారతదేశం నేటికీ ఆమోదించలేదు. 2023 సెప్టెంబరు 17న ఆరంభించిన పీఎం విశ్వకర్మ పథకాన్నే చూడండి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, హామీ లేకుండా మొదటి విడతలో లక్ష రూపాయల అప్పు ఇస్తారు. మంచిదే. కానీ అందులోని 18 వృత్తులలో కుమ్మరి, కంసాలి, దర్జీ, పూలదండలు కట్టేవారు ఉన్నారు. గాజులు చేసేవారు లేరు, పూసలు చేసేవారు లేరు. లక్క గాజుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చిన దేశం ఆ గాజు చేసే చేతిని మాత్రం వృత్తుల జాబితాలో చూడలేకపోయింది.

ఆరోగ్యం విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీక్ రాళ్ళను అరగదీసి ప్రపంచానికి పూసలు అందించిన కార్మికులు ఆ ధూళి పీల్చి సిలికోసిస్ వ్యాధికి బలయ్యారు. పాలిమర్ క్లేకు ఆ జబ్బుతో సంబంధం లేదు కానీ దాని ప్రమాదాలు దానికున్నాయి. వేడి హద్దు మీరి మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వంటి విష వాయువులు వెలువడతాయి. కాల్చే చోట కిటికీ తెరిచి ఉండాలి, ఓవెన్‌లో వేడిమాపకం ఉండాలి. వంటకు వాడే ఓవెన్, పీట, కర్ర, చాకు దీనికి వాడకూడదు. నునుపు చేసేటప్పుడు నీటిలో తడిపి రుద్దాలి. ఒకే గది ఉన్న ఇంట్లో, పసిపిల్లల పక్కన ఈ పని చేయమని చెప్పడం న్యాయం కాదు. కాబట్టి ఊరికొక ఉమ్మడి పనిగది కావాలి.

అమ్మకం దగ్గరకు వస్తే, మల్దకల్ తిమ్మప్ప జాతరలోనో సింగోటం జాతరలోనో గాజుల దుకాణం ముస్లింది కావడం మన ప్రాంతంలో ఎవరికీ వింత కాదు. ఆ సహజత్వం విలువ ఎంతో ఇతర రాష్ట్రాలను చూస్తే అర్థమవుతుంది. 2021 ఆగస్టులో ఇందౌర్‌లో గాజులు అమ్ముకుంటున్న ముస్లిం యువకుణ్ణి గుంపు కొట్టింది. అతనిపైనే కేసు పెట్టి నెలల తరబడి జైలులో ఉంచారు. 2024 డిసెంబరులో న్యాయస్థానం అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. 2022లో కర్ణాటకలోని కొన్ని జాతరలలో ముస్లిం వ్యాపారులను రానీయలేదు. పాలమూరు నేల మీద ఆ గాలి సోకకుండా చూడడం పూసలు అమ్ముకునేవారి ఒక్కరి బాధ్యత కాదు. ఇక్కడి వర్తక సంఘాలు, జాతర కమిటీలు, అధికారులు అందరిదీ.

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి. మైనారిటీ ఆర్థిక సంస్థ కుట్టు మిషన్‌తో సరిపెట్టకుండా చేతివృత్తుల కిట్లను, శిక్షణను తన పథకాలలో చేర్చాలి. మూడు జిల్లాల మైనారిటీ గురుకులాలలో పై తరగతుల బాలికలకు పూసల తయారీ, దానితోపాటు ధర కట్టే లెక్క కూడా నేర్పాలి. ముడిసరుకు, కరెంటు, పనిముట్ల అరుగుదల, తన గంటల కూలి కలిపితేనే ధర అని ప్రతి పిల్లకూ తెలియాలి. 2011 జనాభా లెక్కలలో సగానికి తక్కువ అక్షరాస్యత ఉన్న గద్వాల జిల్లాలో ఈ లెక్క చదువులో భాగమే. విశ్వకర్మ జాబితాలో గాజులు, పూసల తయారీదారులను చేర్చాలి. గోల్కొండ హస్తకళల దుకాణాలలో వీరి సరుకుకు చోటివ్వాలి.

ప్రభుత్వాన్ని అడిగి ఊరుకుంటే చాలదు. జమాత్‌లు, జకాత్ నిధులు నడిపేవారు ఆలోచించాలి. వడ్డీకి వెరసి బ్యాంకు గడప తొక్కని సోదరీమణులకు కర్జె హసనా రూపంలో ఓవెన్, ముడిసరుకు కొనిస్తే ఆ డబ్బు తిరిగి వచ్చి మరో ఇంటిని నిలబెడుతుంది. మసీదు కమిటీ ఆధీనంలో ఖాళీగా ఉన్న ఒక గది పనిగదిగా మారవచ్చు. పదిమంది కలిసి ముడిసరుకు కొంటే ధర తగ్గుతుంది, కలిసి అమ్మితే మధ్యవర్తి తగ్గుతాడు. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. చదువుకున్న యువకులు ఒక్క ఆదివారం కూర్చుంటే వీధి మొత్తానికి ఆ పని పూర్తవుతుంది.

ఆడవారు పని చేసి సంపాదించడాన్ని ఇంకా తలవంపుగా భావించేవారికి ఒక్క మాట. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) స్వయంగా తోళ్ళు శుద్ధి చేసి, కుట్టి, వచ్చిన సొమ్మును పేదలకు పంచేవారు. హజ్రత్ ఖదీజా (రజి) వ్యాపారం గురించి వేరుగా చెప్పనక్కరలేదు. చేతి కష్టానికి ఇస్లాం ఇచ్చిన గౌరవాన్ని మన ఇళ్ళలోని ఆడవారికి మనమే నిరాకరిస్తే, హక్కుల కోసం ఇతరుల ముందు నిలబడే అర్హత ఎక్కడిది?

పూస చిన్నదే. దాన్ని చేసిన అమ్మాయి పేరు దాని పెట్టె మీద ఉండాలి, దాని ధర ఆమే నిర్ణయించాలి, వచ్చిన డబ్బు ఆమె ఖాతాలో పడాలి. ఈ మూడూ జరిగిన రోజునే అది ఉపాధి. అంతవరకు మరో రంగు వేసుకున్న వెట్టి మాత్రమే.