మోటరు లేపే ముందు స్టార్టరు చూస్తాం, హార్డ్ డిస్క్‌కి మాత్రం ఫార్మాట్ ఎందుకు కొడతాం?

ఈసారి వీడియో పంట గురించి కాదు. కంప్యూటర్‌లో ఉన్నట్టుండి కనిపించకుండా పోయే రెండో హార్డ్ డిస్క్ గురించి. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి ఈ గొడవ ఎందుకు అనేవాళ్లు ఉంటారు. ముందు వాళ్లకి ఒక మాట చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను.

మందులు కొట్టే రైతు దగ్గర ఏం వేశాడో చెప్పడానికి షాపు బిల్లు ఉంటుంది. మనం వెయ్యనిదాన్ని నిరూపించుకోవాలి. యూరియా వెయ్యలేదు, గడ్డి మందు కొట్టలేదు అని చెప్పే బిల్లు ఏ షాపులో ఇస్తారు? మనకున్న ఆధారం ఏంటంటే రోజువారీ డైరీ, తేదీలతో ఉన్న ఫోటోలు, జీవామృతం కలిపిన రోజు తీసిన వీడియో, ఎవరికి ఎన్ని కిలోలు అమ్మామో రాసుకున్న లెక్క. పీజీఎస్‌లో కనీసం 5 మంది రైతులు గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటాం, అక్కడ ఈ రికార్డే మాట్లాడుతుంది. ఎన్‌పీఓపీ సర్టిఫికెట్‌కి వెళ్లేవాళ్లకి ఏడాది పంటలైతే విత్తడానికి ముందు 2 ఏళ్లు, మామిడి లాంటి తోటలైతే మొదటి కోతకి ముందు 3 ఏళ్లు మార్పిడి కాలం ఉంటుంది. అన్నేళ్ల కష్టానికి సాక్ష్యం కాగితం మీద కొంత, కంప్యూటర్‌లో ఎక్కువ.

ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు 100 ఎంబీ తింటుంది. ఫోన్ నిండుతుంది, తర్వాత సీ డ్రైవ్ నిండుతుంది. అప్పుడు రెండో డిస్క్ పెట్టుకుంటాం, అన్నీ అందులోకి తోసేస్తాం. ఒక రోజు కంప్యూటర్ ఆన్ చేస్తే ఆ డిస్క్ ఉండదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కనిపించలేదు కదా అని డిస్క్ పోయిందనుకోకండి. జబ్బు కన్నా తొందరపాటు వైద్యం వల్లే ఎక్కువ డేటా పోతోంది. బోరు మోటరు ఆడకపోతే ఎవరైనా మొదటే పైపులు లేపుతారా? ఫ్యూజు చూస్తాం, మూడు ఫేజులూ వస్తున్నాయా చూస్తాం, స్టార్టరు చూస్తాం, కేబుల్ జాయింట్ చూస్తాం. అవన్నీ బాగుంటేనే మోటరు లేపేది. డిస్క్‌కి కూడా అదే వరస. పై నుంచి కిందకి రావాలి, ఒక్కో మెట్టు దగ్గర ఆగి చూడాలి.

మొదటి మెట్టు: కరెంటు, కేబుల్

కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకేసి, కేసు తెరవండి. లోపల ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని అప్పుడు పని మొదలుపెట్టండి. సాటా డిస్క్‌కి రెండు వైర్లు ఉంటాయి. సన్నది డేటాది, వెడల్పుది కరెంటుది. రెండూ తీసి గట్టిగా మళ్లీ పెట్టండి. పల్లెలో దుమ్ము, తేమ, ఎలుకలు, మూడూ కేబుల్‌కి శత్రువులే. వేరే సాటా కేబుల్ ఉంటే మార్చి చూడండి, మదర్‌బోర్డ్ మీద ఇంకో పోర్టులో పెట్టి చూడండి.

ఈ మధ్య కంప్యూటర్ స్పీడు కోసం కొత్తగా ఎం.2 ఎస్ఎస్‌డీ వేయించుకున్నారా? చాలా మదర్‌బోర్డులలో ఆ స్లాట్‌లో కార్డు పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచెయ్యడం మానేస్తాయి. డిస్క్‌కి ఏమీ కాదు, దాని తలుపు మూసుకుపోయిందంతే. వైరు పక్క పోర్టులోకి మారిస్తే తిరిగి వస్తుంది. ఏ పోర్టు మూసుకుంటుందో మదర్‌బోర్డ్ పుస్తకంలో రాసి ఉంటుంది.

బయట పెట్టుకునే డిస్క్ అయితే హబ్ తీసేసి, కంప్యూటర్ వెనకవైపు యూఎస్‌బీ పోర్టులో నేరుగా పెట్టండి. కేబుల్ మార్చండి. 2.5 అంగుళాల చిన్న డిస్క్ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. 3.5 అంగుళాల పెద్దదానికి 12 వోల్టుల అడాప్టర్ విడిగా కావాలి. ఆ అడాప్టర్ కాలిపోతే జనం డిస్క్ పోయిందనుకుంటారు.

రెండో మెట్టు: బయోస్

కంప్యూటర్ ఆన్ అవుతుండగా ఎఫ్2 లేదా డిలీట్ కీ నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. కంపెనీని బట్టి కీ మారుతుంది. అక్కడ డిస్కుల జాబితాలో మీ రెండో డిస్క్ పేరు ఉందా చూడండి. స్టార్టరు దాకా కరెంటు వచ్చిందా లేదా అని టెస్టర్ పెట్టి చూడటం లాంటిదే ఇది. పేరు లేకపోతే తేడా కేబుల్, పోర్టు, కరెంటు, డిస్క్, ఈ నాలుగింటిలోనే. పేరు ఉంటే సంతోషించండి, డిస్క్ మాట్లాడుతోంది, తేడా విండోస్ వైపు ఉంది.

మూడో మెట్టు: డిస్క్ మేనేజ్‌మెంట్

విండోస్ కీ పట్టుకుని ఎక్స్ నొక్కండి, వచ్చిన జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. "దిస్ పీసీ"లో అక్షరం ఉన్న డ్రైవ్‌లే కనిపిస్తాయి. ఇక్కడ మాత్రం తగిలించిన డిస్కులన్నీ కనిపిస్తాయి. ఇప్పుడు అది ఏమంటోందో చదవండి.

అక్షరం లేదంటే, ఆ భాగం మీద కుడి క్లిక్ కొట్టి "చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్" ద్వారా ఖాళీగా ఉన్న ఒక అక్షరం ఇవ్వండి. పని అయిపోయినట్టే. "ఆఫ్‌లైన్" అని ఉంటే డిస్క్ పేరు మీద కుడి క్లిక్ కొట్టి ఆన్‌లైన్ చెయ్యండి. తాళం బొమ్మ కనిపిస్తే అది బిట్‌లాకర్, పాస్‌వర్డ్ గానీ 48 అంకెల రికవరీ కీ గానీ కావాలి.

"నాట్ ఇనిషియలైజ్డ్" అని వచ్చి, ఇనిషియలైజ్ చెయ్యమంటారా అని అడిగితే? ఇక్కడే జాగ్రత్త. కొత్తగా కొన్న ఖాళీ డిస్క్ అయితే అవును అనాలి, జీపీటీ ఎంచుకోవాలి. ఎంబీఆర్ ఎంచుకుంటే మామూలుగా 2 టీబీ దాటిన చోటు వాడుకోలేం. అదే మీ పాత రికార్డులున్న డిస్క్ అయితే క్యాన్సిల్ కొట్టండి. "రా" అని చూపించినా, "వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి" అని వచ్చినా అంతే, క్యాన్సిల్. కంప్యూటర్‌కి లోపల ఉన్నది చదవడం రాలేదు కాబట్టి చెరిపేద్దామా అని అడుగుతోంది. అది సలహా అనుకోకండి.

ఇంకో సంగతి. వీడియో ఎడిటింగ్ చేసే కుర్రాళ్లు కొందరు మ్యాక్ వాడతారు. మ్యాక్ పద్ధతిలో తయారుచేసిన డిస్క్‌ని మన విండోస్ చదవలేదు, ఫార్మాట్ చెయ్యమంటుంది. అదే డిస్క్ మళ్లీ మ్యాక్‌కి పెడితే చక్కగా తెరుచుకుంటుంది. అందుకే ఎడిటింగ్‌కి ఇచ్చే డిస్క్ మొదట్లోనే, ఖాళీగా ఉన్నప్పుడే, ఎక్స్‌ఫ్యాట్‌లో చేసి ఇవ్వండి. రెండూ చదువుతాయి.

ఎక్కడ ఆగాలి

డిస్క్ లోపల టక్ టక్ అని ఆగకుండా శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు, విప్పొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. బేరింగ్ పోయిన మోటరుని నడిపినకొద్దీ వైండింగ్ కాలినట్టే అవుతుంది. అందులో ఉన్నది విలువైనదైతే డేటా రికవరీ ల్యాబ్ ఒక్కటే దారి.

శబ్దం లేదు, నెమ్మదిగా అయినా కనిపిస్తోంది అంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో ఆరోగ్యం చూడండి. "కాషన్" గానీ "బ్యాడ్" గానీ అంటే రిపేరు సంగతి పక్కనపెట్టి ముందు ఫైళ్లు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. చాలామంది మొదటే చెక్‌డిస్క్ నడుపుతారు. అది ఫైళ్ల పట్టికని సరిచేసే పని, డేటాని కాపాడే పని కాదు. పాడవుతున్న డిస్క్ మీద నడిపితే ఉన్నది కూడా చెదిరిపోవచ్చు. ఫైళ్లు వెలికితీయడానికి టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అని ఉచితంగా దొరుకుతాయి. తీసిన ఫైళ్లు మాత్రం అదే డిస్క్‌లో పెట్టకండి.

"ఫార్మాట్ కొట్టినా రికవరీ చెయ్యొచ్చు అన్నా" అనే మాట షాపుల్లో వింటుంటాం. సగమే నిజం. మామూలు హార్డ్ డిస్క్‌కి క్విక్ ఫార్మాట్ కొడితే పట్టిక కొత్తదవుతుంది, పాత డేటా మీద కొత్తది పడేదాకా చాలావరకు అలాగే ఉంటుంది. ఫుల్ ఫార్మాట్ అయితే ఇప్పటి విండోస్ మొత్తం సున్నాలతో నింపేస్తుంది. ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ వల్ల క్విక్ ఫార్మాట్ తర్వాత కూడా తిరిగి రావడం చాలా కష్టం. అందుకే డిస్క్ షాపుకి ఇచ్చేటప్పుడు నోటిమాట సరిపోదు. "డేటా కావాలి, నన్ను అడగకుండా ఫార్మాట్ చెయ్యొద్దు" అని చీటీ రాసి డిస్క్ మీదే అంటించండి.

"మనం రైతులం, ఇదంతా మనకెందుకు, షాపువాడికి ఇస్తే చూసుకుంటాడు" అనే వాదన ఉంది. నేను ఒప్పుకోను. షాపువాడికి అది ఒక డిస్క్, మనకి అది మూడేళ్ల పొలం. మెకానిక్ అవసరం ఎప్పుడూ ఉంటుంది, కానీ పై మూడు మెట్లూ చూడటానికి మెకానిక్ అక్కర్లేదు. ఆకు పసుపెక్కితే ముందు వేరు, తేమ, నేల చూడమని తోటి రైతులకి చెప్పేది మనమే. చూడకుండా మందు కొట్టడం పొలంలో తప్పైతే కంప్యూటర్‌లోనూ తప్పే.

చివరిగా అసలు మాట. దేశీ విత్తనం దొరికితే ఒక్క కుండలో పెట్టి ఊరుకోం. కొంత మన గాదెలో, కొంత చుట్టాలింట్లో, కొంత తోటి రైతుకి పంచి పెడతాం. ఒకచోట పురుగు పట్టినా ఇంకోచోట బతుకుతుంది. రికార్డుకి కూడా అదే కట్టుబాటు కావాలి. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటికి దూరంగా. డైరీ, లెక్కలు, సర్టిఫికెట్ల ఫోటోలు గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో హాయిగా పడతాయి. వీడియోలు పట్టవు కాబట్టి ఇంకో డిస్క్‌లో వేసి గ్రూపులో నమ్మకమైన రైతు ఇంట్లో ఉంచండి, వాళ్లది మీ ఇంట్లో ఉంచుకోండి. యూట్యూబ్‌లో ప్రైవేట్‌గా పెట్టినా ఒక కాపీ ఉన్నట్టే, నాణ్యత కొంచెం తగ్గుతుందంతే.

కేబుళ్లు ఎలా తియ్యాలో, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఏది ఎక్కడ ఉంటుందో పై వీడియోలో ఒక్కొక్కటిగా చూపించాను. డిస్క్ కనిపించకపోయిన రోజు కోసం ఆగకండి. ఈ రోజు కనిపిస్తోంది కదా, ఈ రోజే రెండో కాపీ తీసిపెట్టుకోండి.