ముందు విద్యుత్తు, పిదప యంత్రము

హైదరాబాదు పాతబస్తీలో, మూసీ దక్షిణపుటొడ్డున, 1920వ సంవత్సరమున ప్రారంభమైన హైకోర్టు భవనము శతాబ్దమునకు పైగా న్యాయస్థానముగ వెలసినది. రైతుయొక్క పొలముతగవును, పట్టణవాసియొక్క యింటితగవును తుదకచ్చటికే చేరుచు వచ్చినవి. పూర్వము వ్యాజ్యపత్రములు బీరువాలలో నుండెడివి. ఇప్పుడు నానాటికి సర్వరులలోనికి చేరుచున్నవి. 2009వ సంవత్సరమున ఆ భవనమున నిప్పంటుకొని గ్రంథాలయము దగ్ధమైన సంగతి పాఠకులు మఱవలేదు. కాగితమునకు నిప్పును, నీరును, చెదలును శత్రువులు. సర్వరునకో, విద్యుత్తు లేమియు శత్రువే.

మన కార్యాలయములందు సాధారణముగ యంత్రములను ముందు కొందురు. విద్యుత్తుమాట పిదప తలంతురు. ఇది యిల్లు కాలుచుండగా బావి త్రవ్వుటయే. లెక్క కష్టమైనది కాదు. ఒక్కొక్కటి 400 వాట్లు గ్రహించు సర్వరులు ఐదైనచో 2,000 వాట్లు, డిస్కులకును నెట్‌వర్కు పరికరములకును 500, వెరసి 2,500. రేపటి పెరుగుదలకై నాలుగవవంతు చేర్చినచో 3,125. ఈ సంఖ్య తేలిన పిమ్మటనే యూపీఎస్‌ను, జనరేటరును, తీగల లావును నిర్ణయింపవలెను.

ప్రతి సర్వరునకు రెండేసి పవర్ సప్లైలుండుట మేలు. కాని యొకటి చెడినచో రెండవది మొత్తము భారమును మోయగలిగి యుండవలెను. ఆ రెండింటికిని వేర్వేరు యూపీఎస్‌లుండవలెను. ఎద్దునకు రెండు పలుపులు వేసి, రెండింటిని ఒకే గుంజకు గట్టిన లాభమేమి?

పలువురు మఱచునది వేడిమి. సర్వరు గ్రహించిన విద్యుత్తంతయు వేడిమిగనే వెలువడును. టన్ను ఏసీ సుమారు 3,500 వాట్ల వేడిమిని తొలగించును. ఒకటి చెడినప్పటికై రెండవదియు నుండవలెను. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ సాధారణముగ సర్వరులనే నడపును, ఏసీని నడపదు. మండువేసవిలో మూసిన గది కొలది నిమిషములలోనే కాగిపోవును. కావున జనరేటరు ఏసీలకును చాలునంతటిదై యుండవలెను.

ఇక స్థలము. 1908 సెప్టెంబరులో మూసీవరద యీ నగరమును ముంచెను. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను వెలసిన పిమ్మటను, 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలోని పేటలు నీట మునిగినవి. అట్టి తావున బ్యాటరీలను, జనరేటరును నేలమాళిగలో నుంచుట ప్రమాదమును పిలుచుకొనుటయే. పత్రముల మరియొక ప్రతి వేరొక యూర నుండవలెను.

ఇందులకు వ్యయమగును, నిజమే. కాని వాయిదాకై దూరగ్రామమునుండి వచ్చిన కక్షిదారునకు "యంత్రము నిలిచినది" అను మాట న్యాయము కాదు. టెండరులో సర్వరు పేరు వ్రాయుటకు ముందు వాట్ల లెక్క వ్రాయవలెనని అధికారులకు మా మనవి.