అవ్వా కావాలి, బువ్వా కావాలి

న్యూట్రినోకు బరువుందని 1998లో జపానులోని సూపర్ కామియోకాండ వారు తేల్చినప్పటినుంచీ సిద్ధాంతకర్తలకు నిద్ర లేదు. పాత లెక్కలో దానికి బరువే లేదు మరి! ఇక రెండో చిక్కు: కనబడే పదార్థానికి అయిదింతలు కనబడని పదార్థం ఉండబట్టే నక్షత్ర మండలాలు చెదిరిపోకుండా ఉన్నాయంటారు. అందుకు న్యూట్రినోలు చాలవు. మరీ తేలిక, మరీ దూకుడు.

సూపర్‌సిమెట్రీ ప్రకారం ప్రతి కణానికీ ఒక జోడీ ఉంటుందట. (జాతకాలెవరు చూశారో!) జోడీలన్నిటిలో తేలికైనది న్యూట్రలినో అనుకోండి. 'ఆర్ పారిటీ' అనే కట్టుబాటు ఉన్నంతకాలం దానికి నాశనం లేదు. ఆ కనబడని పదార్థం అదే కావచ్చు. కట్టుబాటు సడలిస్తే న్యూట్రినోకు బరువు రావడానికి దారి దొరుకుతుంది; తీరా న్యూట్రలినో క్షీణించిపోతుంది! కొందరు కట్టుబాటు జోలికి పోక, మహా బరువైన మరో న్యూట్రినోను తక్కెడలో కూర్చోబెడతారు. రెండో సిబ్బెలో మనది తేలిపోతుంది. నాకిదే నచ్చింది.

అమెరికాలో ఒక పాత బంగారు గనిలో 10 టన్నుల ద్రవ జెనాన్ పెట్టుకుని కాపుకాశారు. 2024లో ప్రకటించిన ఫలితాల్లో న్యూట్రలినో జాడ లేదు.