సాగు ఖర్చు తగ్గాలంటే పనిగంటలనూ లెక్కించాలి

పల్నాడులో సాగు ఖర్చు తగ్గింపుపై జరిగే చర్చ సాధారణంగా ఎరువు బస్తా దగ్గర మొదలై పురుగుమందు సీసా దగ్గర ముగుస్తుంది. ఆ రెండూ తగ్గించదగినవే. 2021లో నల్ల తామర పురుగు మిరపపై విరుచుకుపడినపుడు మందు వెంట మందు చల్లినా పంట దక్కని రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే పత్తి, మిరప సాగులో పెద్ద పద్దు మనుషుల పనిది, ముఖ్యంగా పత్తి తీతది, మిరప కోతది. ఆ పని ఏ క్రమంలో సాగుతున్నదో, ఎక్కడ వృథా అవుతున్నదో కొలిచే అలవాటు విస్తరణ విభాగానికి ఇంకా పట్టుబడలేదు.

పిచికారీని చూడవచ్చు. ఎకరాకు 200 లీటర్ల ద్రావణం చల్లాలంటే 16 లీటర్ల ట్యాంకును 13 సార్లు నింపాలి. నీటి డ్రమ్ము గట్టున ఉండి, ప్రతిసారీ సగటున 100 మీటర్లు వెళ్ళి రావలసి వస్తే ఎకరాకు 2.6 కిలోమీటర్లు వట్టి నడకే. అందులో సగం నిండు ట్యాంకు వీపున మోస్తూ. పది పిచికారీలకు అది 26 కిలోమీటర్లు. నాటేటప్పుడే మధ్యలో బాట విడిచి డ్రమ్మును చేని నడుమకు చేర్చగలిగితే ఆ నడక ఇంచుమించు సగమవుతుంది. ఒక సాలు తగ్గుతుందన్న మాట నిజమే; ఆ నష్టాన్నీ ఈ లాభాన్నీ పక్కపక్కన వేసి చూపినవారు అరుదు.

పత్తి తీతలో తప్పు పొద్దున్నే జరుగుతుంది. పొరుగూరి నుంచి ఆటోలో వచ్చిన కూలీలను ఖాళీగా ఉంచలేక మంచు ఆరకముందే తీత మొదలుపెడతారు. భారత పత్తి సంస్థ 8 శాతం తేమను ప్రమాణంగా తీసుకొని, అంతకు మించితే ధర తగ్గిస్తుంది, 12 శాతం దాటితే కొనదు. కనుక తడి పత్తిని ఆరబెట్టడానికి మళ్ళీ కూలి. మొదటి గంటలకు వేరే పని సిద్ధం చేసుకోవడం, లేదా పని వేళలను ముఠాతో ముందే మాట్లాడుకోవడం ఇందుకు తగిన ఉపాయం.

మిరప కళ్ళంలోనూ ఇదే వరస. తెగులు కాయను కోతలోనే వేరే సంచిలో వేస్తే తరువాత ఏరే పని తగ్గుతుంది. కానీ కిలో లెక్కన కూలి ఇచ్చే చోట ఈ సలహా నిలవదు. వేరు చేసిన శ్రమకు వేరే లెక్క కట్టాలి. పని తీరు సవరించడమంటే కూలి కోయడమని అర్థం చేసుకొంటే ఆ భారం మొదట స్త్రీ కూలీల మీదనే పడుతుంది. తగ్గవలసినవి నిరీక్షణ, నడక, చేసిన పనినే మళ్ళీ చేయడం. టయోటా కర్మాగారంలో తైచీ ఓనో గుర్తించిన ఏడు వృథాలలో నిరీక్షణ, అనవసర కదలిక ఉన్నాయి. చేను కర్మాగారం కాదు, వాన ప్రణాళికకు లోబడదు. అయినా ఆ రెండూ మాచర్ల, గురజాల చేలలో కనిపించేవే.

దీనితో కౌలు తగ్గదు. అందుకే కౌలు రైతుకు తన చేతిలో ఉన్న ఈ కొద్దిపాటి అవకాశం మరింత విలువైనది. వ్యవసాయ వ్యయ, ధరల కమిషన్ ఏ2+ఎఫ్‌ఎల్ లెక్కలో కుటుంబ శ్రమకు విలువ కడుతుంది. రైతు పద్దు పుస్తకంలో అది సున్నాగానే ఉండిపోతుంది.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద గ్రామాలలో ఉండే చివరి సంవత్సరం విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క చేనిలో పనుల గంటలను రాయగలరు. సాగు విధానాల పుస్తకంలో కిలోల, లీటర్ల సరసన ఆ గంటలూ అచ్చు కావాలి. ఖరీఫ్‌కు ముందే ఆ లెక్క అందితే బాట ఎక్కడ విడవాలో, డ్రమ్ము ఎక్కడ నిలపాలో, ముఠాను ఏ వేళకు పిలవాలో రైతుతో కూర్చొని నిర్ణయించవచ్చు.