తాళం వేసిన చేతులు ఎక్కడ?

1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుణ్ని పోలీసులు పట్టుకెళ్లి, వాడకంలో లేని టీబీ శానిటోరియంలో పడేశారు. 64 రోజులు! చేసిన నేరం రక్తదానం. ఆ రక్తంలో హెచ్‌ఐవీ బయటపడింది. అలాంటివాళ్లను విడిగా బంధించవచ్చని అప్పటి గోవా చట్టమే చెప్పింది. తల్లి హైకోర్టుకెక్కితే, కోర్టు కూడా చట్టం వైపే నిలబడింది. 1992లో ఆయన పోయాడు.

ఆ జీవితం స్ఫూర్తితో ఓనిర్ 2005లో ‘మై బ్రదర్... నిఖిల్’ తీశాడు. సంజయ్ సూరి ఈత చాంపియన్, జుహీ చావ్లా తోడబుట్టినది. సినిమా మొదట్లోనే ఏమని వేయాల్సి వచ్చిందో తెలుసా? ఇదంతా కల్పితమని! మనిషిని లోపల పెట్టి తాళం వేసింది నిజం. వేసిన చేతులు మాత్రం కల్పితం. ఇంతకన్నా సిగ్గుమాలినతనం ఉంటుందా?

మనక్కూడా అలాగైతేనే హాయి. చివర్లో రోగి పోవాలి, మనం కళ్లొత్తుకోవాలి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకోవాలి. వెలేసిన పొరుగువాళ్లు, మంచం దగ్గరకి రాని డాక్టరు ఎవరో వేరే లోకంవాళ్లు!

ఆ లెక్కన 1993 నాటి ‘ఫిలడెల్ఫియా’ కాస్త నయం. ఆస్కార్ రోగిగా వేసిన టామ్ హాంక్స్‌కి వచ్చింది గానీ, నన్ను వదలనివి లాయరుగా వేసిన డెంజెల్ వాషింగ్టన్ కళ్లు. ఎదుటివాడికి ఎయిడ్స్ అని వినగానే ఆ లాయరు దూరం జరుగుతాడు. అతను టేబుల్ మీద ఏది ముట్టుకుంటే చూపు దాని మీదే. అతను అటు వెళ్లాడో లేదో, ఇటు తను డాక్టరు దగ్గరకి పరుగు. రేపు కోర్టులో రోగి తరఫున వాదించబోయేవాడే ఇంత పిరికివాడు! అక్కడ దొరికిపోతాం మనం. అదే సినిమాలో రక్తం ఎక్కించడం వల్ల జబ్బు సోకిన ఒకామె సాక్షిగా వచ్చి, తనకూ అతనికీ తేడా లేదంటుంది. ఆ మాట మన నోట రాదే! మనకి ముందు ‘ఎలా వచ్చిందట?’ అన్నది తేలాలి. సూది వల్లనైతే అయ్యో పాపం. ఇంకో రకంగానైతే, అనుభవించనీ.

ఉద్యోగం పోయిన పాజిటివ్ అమ్మాయిని 2004లోనే రేవతి ‘ఫిర్ మిలేంగే’లో కోర్టు మెట్లెక్కించింది. ఎంతమందిమి చూశాం?

తెలుగునాట మనకి పులిరాజా ఉన్నాడుగా. ఎయిడ్స్ ప్రచారం కోసం ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని హోర్డింగులు పెట్టి ఊరూవాడా అడిగారు. పేరు జనం నోళ్లలో నానింది, కాదనను. ఆ తర్వాత అది జోకైపోయింది, బస్సులో పక్కవాణ్ని ఆటపట్టించే పేరైపోయింది. అదే బస్సులో, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందుల సంచి ఒళ్లో పెట్టుకుని ఒకడు ఆ నవ్వులు వింటున్నాడేమోనని ఎవరికైనా తట్టిందా?

ఆ మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. క్రమం తప్పకుండా వాడి, వైరస్ పరీక్షకు చిక్కనంతగా తగ్గితే, లైంగికంగా ఇంకొకరికి సోకదు. అలా వాడుతూ మనుమల్ని ఆడిస్తున్నవాళ్లున్నారు. తెరమీద రోగి మాత్రం ఇంకా దగ్గి దగ్గి చావాలి!

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల పట్ల వివక్ష కూడదన్న 2017 నాటి చట్టం మరుసటి ఏడాది సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. అయినా పురిటి నొప్పులతో వచ్చిన ఆమె పాజిటివ్ అని తెలిస్తే చాలు, ‘మా దగ్గర కిట్ లేదమ్మా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అనేవాళ్లకి కొదవలేదు. తీయండయ్యా ఆ సీను. ఏడ్చే ఆమె మీద కాదు, ఆ మాట అన్న డాక్టరు మొహం మీద పెట్టండి కెమెరా. కిందో మీదో ‘కల్పితం’ అని మాత్రం వేయకండి.