తోట గీయడం వచ్చింది.. మరి తర్వాత?

కోడింగ్ నేర్చుకునేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. పైథాన్ బిగినర్ కోర్సు పూర్తి చేస్తారు. సొంతంగా ఏదైనా రాద్దామంటే చేతులు ఆడవు. దాంతో ఇంకో సంస్థ పెట్టిన ఇంకో బిగినర్ కోర్సులో చేరతారు. చివరికి మూడు సర్టిఫికెట్లు మిగులుతాయి, ఒక్క ప్రోగ్రామూ ఉండదు. ఇదే జబ్బు ఇప్పుడు గార్డెన్ డిజైన్ వైపు చూస్తున్న మీలో చాలామందికి పట్టుకుంది. సివిల్, ఆర్కిటెక్చర్, బీఎస్సీ బోటనీ, హార్టికల్చర్.. ఏది చదువుతున్నా నాకు మెయిల్ పెట్టి అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. ‘బేసిక్స్ అయిపోయాయి, తర్వాత ఏ కోర్సు చేయమంటారు?’

నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. కనీసం ఒక ఏడాది ఏ కోర్సూ వద్దు.

మొదటి కోర్సు చేయాల్సిన పని చేసేసింది. రంగులు ఎలా కలపాలి, చూపు ఎక్కడ ఆగాలి, ఎత్తు మొక్కలు వెనక, పొట్టివి ముందు.. ఇవన్నీ మీకు తెలుసు. ఆ పైన నేర్చుకోవాల్సింది వీడియోలో దొరకదు. పైగా ఆన్‌లైన్ పాఠాల్లో చాలావరకు ఇంగ్లండ్, అమెరికాల నేలనూ ఎండనూ దృష్టిలో పెట్టుకుని చేసినవే. వాటిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకుంటే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చాలు.

ఇంటికి ఉత్తరం గోడ పక్కన నీడ ఉంటుంది, అక్కడ నీడ మొక్కలు పెట్టండి అని ఆ పాఠాలు చెబుతాయి. లండన్‌లో మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి అక్కడ ఆ మాట చెల్లుతుంది. హైదరాబాద్ ఉన్నది సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరులో రోజంతా చల్లగా నీడగా ఉన్న ఆ గోడ పక్కనే మే నెల ఎండ పడుతుంది. చలికాలంలో సైటు చూసి అక్కడ ఫెర్న్ మొక్కలు వరసగా పెట్టించిన డిజైనర్‌కు మేలో ఇంటివాళ్ల నుంచి ఫోన్ రాక తప్పదు. లెక్క పెద్ద కష్టమేమీ కాదు, ఇంటర్ ఫిజిక్స్ చాలు. కానీ ఆ లెక్క వేసి చూడాలన్న ఆలోచన రావడమే రెండో మెట్టు.

ఇక మిద్దెతోటలు. మన పట్టణాల్లో చిన్న డిజైనర్‌కు మొదట దొరికే పని చాలాసార్లు ఇదే. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది మొక్క కాదు, స్లాబు. తడిసిన మట్టి ఒక చదరపు మీటరు విస్తీర్ణంలో 30 సెంటీమీటర్ల మందం ఉంటే దాని బరువు తేలిగ్గా 500 కిలోలు దాటుతుంది. మరి మన భవనాలకు వర్తించే ఐఎస్ 875 రెండో భాగం, మనుషులు ఎక్కి తిరిగే చదును పైకప్పుకు లెక్కలోకి తీసుకోమన్న లైవ్ లోడ్ చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు. అంటే సుమారు 150 కిలోలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ‘పైన లాన్ వేసేద్దాం సార్’ అని నవ్వుతూ ఒప్పుకొనే ముందు ఆ ఇంటి స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడగాలి. అది లేకపోతే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిపించాలి. కోకోపీట్, పెర్లైట్ కలిపిన తేలిక మిశ్రమమైనా నీళ్లు పీల్చాక ఎంత బరువుందో తూచి చూడాలి. బరువైన తొట్లు స్లాబు మధ్యలో కాకుండా బీముల మీదకు, పిల్లర్ల దగ్గరకు జరపాలి. సివిల్ చదివినవాళ్లూ, ఈ రంగంలో మీకున్న బలం ఇదే. పూల పేర్లు ఆర్నెల్లలో నేర్చుకోవచ్చు, ఈ భయం మాత్రం మీకు క్లాసులోనే వచ్చేసింది. హార్టికల్చర్ వాళ్లు ఈ ఒక్క అధ్యాయం సివిల్ స్నేహితుడి దగ్గర కూర్చుని చెప్పించుకోండి. బదులుగా వాడికి మట్టి గురించి చెప్పండి, వాడికి అది రాదు.

నీళ్ల లెక్క ఇంకా సులువు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక సాయంత్రం 40 మిల్లీమీటర్లు కురిస్తే నాలుగు వేల లీటర్లు. మీ డ్రాయింగ్‌లో ఆ నాలుగు వేల లీటర్లు ఎటు పోతున్నాయో వేలు పెట్టి చూపించగలరా? చూపించలేకపోతే అది ఇంకా బొమ్మే. అడుగు లోతు గుంత తవ్వి, నీళ్లు పోసి, ఇంకాక మళ్లీ నింపి, గంటకు ఎన్ని సెంటీమీటర్లు దిగిందో రాసుకోండి. గుంటూరు నల్లరేగడిలో ఒక జవాబు వస్తుంది, హైదరాబాద్ శివార్ల ఎర్రమట్టిలో ఇంకోటి వస్తుంది. కొత్త వెంచర్లలో అయితే మట్టి కింద సిమెంటు పెళ్లలు, టైల్ ముక్కలు బయటపడతాయి. అది కూడా సమాచారమే.

మొక్కల విషయంలో నాది కొంచెం పట్టుదల, ముందే చెబుతున్నా. కేటలాగ్ చూసి మొక్కలు ఎంచుకునే అలవాటు మానుకోండి. త్వరగా పచ్చగా పెరుగుతుందని ఊరూరా నాటిన కోనోకార్పస్‌ను గుజరాత్ 2023లో నిషేధించింది. నర్సరీలో మూడడుగులున్నప్పుడు అది ఎంత ముచ్చటగా ఉంటుందో అందరికీ తెలుసు. ప్రతి మొక్కకూ పదేళ్ల తర్వాత ఎత్తు, వెడల్పు, వేర్ల తీరు రాసుకున్న మీ సొంత పట్టిక ఉండాలి. కానుగ, పొగడ, రేల, తంగేడు, వావిలి, నూరువరహాలు.. ఇలాంటి మన దగ్గరివి యాభై బాగా తెలిసినవాడు, ఐదువందల పేర్లు వల్లించేవాడికన్నా మేలని నా అభిప్రాయం.

ఈ మాట ఉత్త దేశభక్తి కాదు. జోధ్‌పూర్‌లో మెహరాన్‌గఢ్ కోట పక్కన రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్క్ ఉంది. 2006లో ప్రదీప్ కిషన్ అక్కడ పని మొదలుపెట్టినప్పుడు ఆ రాతినేలంతా సర్కారు తుమ్మ కమ్మేసి ఉంది. పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేళ్లేమో రాతి పగుళ్లలో ఉన్నాయి. చివరికి దారి దొరికింది తరతరాలుగా ఆ రాయి కొట్టే ఖండ్‌వాలియాల దగ్గర. వాళ్లు ఉలి, సుత్తితో వేళ్లదాకా తవ్వి తీశారు. ఆ గుంతల్లోనే ఎడారి మొక్కలు నాటారు. డిజైన్ అంటే స్కెచ్‌అప్‌లో గీసే వ్యూ అనుకునేవాళ్లు ఈ పార్క్ గురించి తప్పకుండా చదవాలి. ఢిల్లీ వెళితే సుందర్ నర్సరీ కూడా చూడండి, మహమ్మద్ షహీర్ డిజైన్ చేసింది. ఫొటోలు తర్వాత, ముందు నీళ్లు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో చూడండి.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. రెండు నెలల్లో వస్తుంది, అందరికీ వస్తుంది.

కోర్సు వద్దంటే మరి ఏడాదంతా ఏం చేయాలి? ఇరవై ముప్పై అడుగుల జాగా ఒకటి పట్టుకోండి. హాస్టల్ వెనకాల, మీ అపార్ట్‌మెంట్‌లో, ఊళ్లో బడి ఆవరణలో, ఎక్కడైనా సరే. టేపుతో కొలిచి స్కేలుకు గీయండి. ప్రతి నెలా 21న ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు ఒకే చోట నిలబడి ఫొటో తీయండి. నాటే ప్లాన్‌తో పాటు బీఓక్యూ రాయండి. ఎన్ని ట్రాక్టర్ల మట్టి, ఎంత ఎరువు, ఎన్ని మీటర్ల డ్రిప్ పైపు అన్నీ అందులో ఉండాలి. గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్లు అరవై పెట్టి అరగంట వదిలితే 120 లీటర్లు. ఆ ట్యాంకులో అన్ని నీళ్లుంటాయా? ఎవరు వదులుతారు? వాచ్‌మన్ ఊరెళితే? నెలవారీ నిర్వహణ పట్టిక లేని డిజైన్‌ను నేనైతే సగం పనే అంటాను.

పెద్ద చదువు కావాలనుకుంటే దారులు వేరు. విజయవాడ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పీజీ ఉంది, ఇలాంటి వాటికి సాధారణంగా బీఆర్క్ అడుగుతారు. మొక్కల వైపు నుంచి వెళ్లాలంటే వెంకటరామన్నగూడెం, ములుగుల్లోని ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నాయి. ఇవి కాకుండా వేలకు వేలు తీసుకుని ‘అడ్వాన్స్‌డ్ డిప్లొమా’ ఇస్తామనేవాళ్లు ఎదురైతే ఒక్కటే అడగండి. మీ విద్యార్థి వేసిన తోట ఏడాది తర్వాత ఎలా ఉందో చూపిస్తారా? చూపించలేకపోతే ఆ ఫీజు కట్టకండి.

‘ఇంజినీరింగ్ చదివి తోటపనా?’ అని ఇంట్లో అడుగుతారు. అడిగే హక్కు వాళ్లకు ఉంది, ఫీజు కట్టింది వాళ్లే. చేరగానే పెద్ద జీతం వస్తుందని అబద్ధం చెప్పకండి. మొదట్లో మీ పని లారీ దిగిన మొక్కలు లెక్కపెట్టడం, ఎండలో సున్నంతో గీతలు వేయడం. అందుకే క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వదులుకోమని నేను చెప్పను. ఈ ఏడాది అభ్యాసానికి పట్టేది వారానికి ఒక ఆదివారం.

సెలవుల్లో నాలుగు రోజులు దొరికితే రాజమహేంద్రవరం పక్కన కడియం వెళ్లండి. నర్సరీ యజమానులతో మాట్లాడటం సరే, లోడింగ్ చేసే అన్నల దగ్గర కూడా నిలబడండి. ఏ మొక్క దారిలో ఆకు రాలుస్తుంది, వేళ్ల మట్టిగడ్డ పగలకుండా ఎలా కట్టాలి, ఏ సైజు సంచిలో మొక్క కొంటే త్వరగా నాటుకుంటుంది.. అన్నీ అడగండి. నోట్‌బుక్ పట్టుకెళ్లండి, ఫోన్‌లో టైపు చేసేంత తీరిక అక్కడ ఉండదు.